స్థానిక గైడ్‌కు టిప్పు: ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి? నౌకా యాత్ర నుంచి మల్హార్ వరకు

నౌకా యాత్రకు వెళ్లే కుటుంబాలకు తరచుగా ఎదురయ్యే సందేహం ఒకటుంది. సేవా రుసుము నౌకలోనే చెల్లించినప్పుడు, రేవులో దిగాక ఊరు చూపించిన గైడ్‌కు మళ్లీ టిప్పు ఇవ్వాలా? ఆ వ్యక్తి ఎవరి వద్ద పనిచేస్తున్నారో, ఆయనకు ప్రతిఫలం ఎవరి నుంచి అందుతోందో తెలుసుకుంటే సమాధానం దొరుకుతుంది. సముద్ర తీరానికి ఎంతో దూరంలో ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని మస్తూరీ తహశీల్‌లో పురాతన ఆలయం చూడబోయినా ఇదే సూత్రం వర్తిస్తుంది.

నౌకలో చెల్లించిన సొమ్ము ఎవరిది?

అనేక క్రూయిజ్ సంస్థలు ఒక్కో ప్రయాణికుని పేరిట రోజుకు ఇంత అని గ్రాట్యుటీ వసూలు చేస్తాయి. ఈ మొత్తం గదులు సర్దేవారికి, భోజనశాలలో వడ్డించేవారికి, ప్రయాణికులకు కనిపించకుండా పనిచేసే నౌకా సిబ్బందికి ఉద్దేశించినది. రేవులో ఎదురొచ్చి ఊరు చూపించే గైడ్, బస్సు డ్రైవరు సాధారణంగా స్థానిక పర్యాటక సంస్థకు చెందినవారు. అందువల్ల నౌకలో కట్టిన గ్రాట్యుటీలో వారికి వాటా ఉండదు. విహార యాత్ర టికెట్టును నౌకలోనే కొన్నప్పటికీ, టిప్పు కూడా కలిసి ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంటే తప్ప, అది వేరేగా ఇవ్వవలసినదిగానే భావించాలి.

తెలుగువారికి ఈ విషయం ఇప్పుడు దూరపు ముచ్చట కాదు. 2022లో ‘ఎంప్రెస్’ నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు యాత్రలు నడిపింది. 2023 జూన్‌లో అదే నౌక చెన్నై నుంచి శ్రీలంక రేవులకు బయలుదేరింది. ఆ ఏడాది సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇకపై తెలుగువారు ఒక రేవులో అతిథులైతే, మరో రేవులో ఆతిథ్యమిచ్చేవారు.

మల్హార్‌లో పరిస్థితి వేరు

బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల వల్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఆ జిల్లాలోని మస్తూరీ తహశీల్‌లో ఉన్న మల్హార్‌లో 1975-78 మధ్య సాగర్ విశ్వవిద్యాలయం ఆచార్య కె.డి. బాజ్‌పేయి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపింది. కలచురి రాజుల కాలంలో, 12వ శతాబ్దంలో నిర్మించిన పాతాళేశ్వర ఆలయం, అంతకంటే పురాతనమైన భీమ కీచక ఆలయం, డిండేశ్వరీ దేవి ఆలయం ఇక్కడి ముఖ్య దర్శనీయ స్థలాలు. క్రీస్తు పూర్వ కాలానికి చెందినదిగా పండితులు భావించే శాసనసహిత చతుర్భుజ విష్ణు విగ్రహం కూడా ఇక్కడే లభించింది.

ఇలాంటి చోట యాత్రికునికి చరిత్ర చెప్పేవారు మూడు రకాలుగా ఉంటారు: లైసెన్సు పొందిన గైడ్, కట్టడాన్ని కాపలా కాసే ప్రభుత్వ ఉద్యోగి, ఊరి విశేషాలు తెలిసిన గ్రామస్థుడు. ముగ్గురికీ కృతజ్ఞత తెలపవలసిందే గాని, ముగ్గురికీ ఒకే విధంగా కాదు.

పురాతన కట్టడాల చట్టం కింద 1959లో రూపొందించిన నియమాల ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడంలో డబ్బు తీసుకుని సందర్శకులకు వివరించాలంటే పురావస్తు అధికారి ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అందువల్ల గైడ్‌ను ముందుగా గుర్తింపు కార్డు అడగడం అవమానించడం కాదు. రుసుము మొదటే మాట్లాడుకుని, పని నచ్చితే చివర్లో టిప్పు కలిపి ఇవ్వవచ్చు. కాపలా ఉద్యోగి విధి నిర్వహణలో చేసిన సాయానికి డబ్బు ఇవ్వడం సరికాదు. అది ఆయనకే చిక్కు తెచ్చిపెడుతుంది. ఆయన పనితీరును మెచ్చుకుంటూ సంబంధిత కార్యాలయానికి ఒక ఉత్తరం రాయడం మేలు. దారి చూపిన గ్రామస్థునితో కలిసి టీ తాగడం, ఊరి దుకాణంలో ఏదైనా కొనడం సముచితం. ఎవరైనా పాత నాణేలు, శిల్పఖండాలు అమ్మజూపితే కొనకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడం నేరం.

పాటించవలసిన జాగ్రత్తలు

ఎంత ఇవ్వాలన్నదానికి అన్ని చోట్లా చెల్లే లెక్క లేదు. గడిపిన సమయం, బృందంలోని మనుషుల సంఖ్య, గైడ్ ప్రత్యేకంగా తీసుకున్న శ్రద్ధ, ఆ దేశపు ఆచారం చూసుకుని నిర్ణయించుకోవాలి. అమెరికాలో గైడ్‌కు టిప్పు ఇవ్వడం పరిపాటి. జపాన్‌లో సాధారణంగా ఆ అలవాటు లేదు. అక్కడ బలవంతంగా చేతిలో పెడితే తీసుకునేవారు ఇబ్బంది పడవచ్చు. రుసుము లేని నడక యాత్రలు నిర్వహించే గైడ్‌లకు మాత్రం యాత్రికులిచ్చే టిప్పే ప్రధాన ఆదాయం.

డబ్బు స్థానిక కరెన్సీలో, నోట్ల రూపంలో ఉండటం మంచిది. విదేశీ నాణేలను మారకపు కేంద్రాలు సాధారణంగా తీసుకోవు కనుక అవి గైడ్‌కు ఉపయోగపడవు. దిగేటప్పుడు చిల్లర కోసం వెతుక్కోకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. గైడ్‌కు, డ్రైవరుకు విడివిడిగా ఇస్తే ఎవరి వాటా వారికి చేరుతుంది. వెంటపడి దారి చూపే పిల్లలకు డబ్బు ఇవ్వరాదు. ఆ సంపాదన వారిని బడికి దూరం చేస్తుంది.

మాటకూ విలువ ఉంది

టిప్పు ఇచ్చినంత మాత్రాన కృతజ్ఞత తీరిపోదు. గైడ్ పేరు గుర్తుంచుకుని, ఆయన చెప్పిన వాటిలో నచ్చిన విషయాన్ని ప్రస్తావిస్తూ పర్యాటక సంస్థకు నాలుగు వాక్యాలు రాస్తే, తర్వాతి యాత్రలకు ఆయననే పిలిచే అవకాశం పెరుగుతుంది. స్థానిక భాషలో పలకరింపు కూడా మర్యాదే. ఛత్తీస్‌గఢ్‌లో ‘జై జోహార్’ అంటే ఆత్మీయంగా స్పందిస్తారు. గైడ్ వివరిస్తున్నప్పుడు ఫోను పక్కన పెట్టి శ్రద్ధగా వినడం, చెప్పిన వేళకు బస్సు వద్దకు చేరడం ఖర్చులేని గౌరవాలు. పర్యాటకుల సీజను ముగిస్తే అనేకమంది గైడ్‌లకు పని ఉండదు. వారి చేతికి నేరుగా అందే చిన్న మొత్తం, వారి పేరిట రాసిన మంచి మాట ఆ ఖాళీ నెలల్లో అక్కరకు వస్తాయి.