ఇంట్లో బీరు తయారీ: 19 లీటర్ల రెసిపీని నాలుగుతో భాగిస్తే సరిపోతుందా? అసలు లెక్క ఇదీ..

అమెరికాలో హోమ్ బ్రూ రెసిపీలు చాలావరకు 5 గ్యాలన్లకు, అంటే సుమారు 19 లీటర్లకు రాసి ఉంటాయి. అపార్ట్‌మెంట్ కిచెన్‌లో అంత పెద్ద గిన్నె పెట్టడం కష్టం. అందుకే చాలామంది పావు వంతుకి, 4.75 లీటర్లకు తగ్గించుకుంటారు. అక్కడే తేడా కొడుతుంది.

ముందు రూల్ సంగతి. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి చేసుకునే బీరుకు ఫెడరల్ పన్ను మినహాయింపు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. ఇక తెలుగు రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ నేరం. కాబట్టి ఇక్కడున్నవాళ్లు చదివి ఊరుకోవడమే బెటర్!

మాల్ట్, హాప్స్ నాలుగో వంతు వేస్తే ఇబ్బంది లేదు. ఆవిరి మాత్రం మన లెక్క వినదు. వెడల్పాటి గిన్నెలో పాలు త్వరగా ఇగిరిపోతాయి కదా, ఇదీ అంతే. ఎంత ఇగురుతుందనేది గిన్నె వెడల్పు, మంటను బట్టి ఉంటుంది. ఎన్ని లీటర్లు పోశామన్నది దానికి పెద్దగా పట్టదు.

ఉదాహరణకు పెద్ద బ్యాచ్‌లో 23 లీటర్లు మరిగిస్తే గంటలో 4 లీటర్లు పోయి 19 మిగిలాయి. అందులో పావు అని 5.75 లీటర్లు పెట్టారనుకోండి. ఇంటి స్టవ్ మీద 1 లీటరే పోవాలి. కానీ 2 లీటర్లు పోయి 3.75 మిగిలితే? హైడ్రోమీటర్ 1.050 చూపించాల్సిన చోట 1.063 చూపిస్తుంది. 5 శాతం ఆల్కహాల్ రావాల్సిన బీరు 6 శాతం దాటేస్తుంది.

పరిష్కారం సింపుల్. ముందు రోజే అదే గిన్నెలో, అదే మంట మీద మామూలు నీళ్లు గంట మరిగించి ఎంత తగ్గిందో కొలవండి. 2 లీటర్లు తగ్గితే 6.75 లీటర్లతో మొదలుపెట్టాలి. ఆల్రెడీ ఇగిరిపోయిందా? కాచి చల్లార్చిన నీళ్లు కలిపి 4.75కి తెచ్చుకోవచ్చు. అడుగున మడ్డిలో పోయేదానికి ఇంకో అర లీటరు ఎక్కువ వేసుకుంటే మంచిది.

టైమ్, టెంపరేచర్ అస్సలు భాగించకూడదు. 60 నిమిషాల మరుగు అంటే చిన్న గిన్నెకైనా 60 నిమిషాలే. హాప్స్ 28 గ్రాములు కాస్తా 7 గ్రాములవుతాయి. అక్కడ 2 గ్రాముల తేడా వచ్చినా చేదు మారిపోతుంది. కిచెన్ త్రాసు కంటే నగలు తూచే చిన్న డిజిటల్ త్రాసు నయం. 11 గ్రాముల డ్రై ఈస్ట్ ప్యాకెట్‌లో 3 గ్రాములు చాలు.

అసలు ప్రమాదం బాటిల్ దగ్గరుంది. గ్యాస్ రావడానికి లీటరుకు సుమారు 6 గ్రాముల కార్న్ షుగర్ వేస్తారు. ఇది రెసిపీలో రాసిన లీటర్లకు కాకుండా, చేతికొచ్చిన లీటర్లకు లెక్కేయాలి. 3.75 లీటర్లే వస్తే 22 గ్రాములు. పొరపాటున పెద్ద బ్యాచ్ కోసం రాసిన 115 గ్రాములూ పోస్తే లీటరుకు 30 గ్రాములు దాటుతుంది. సీసాలు పేలి గాజు ముక్కలు ఎగురుతాయి. పులియడం పూర్తికాకుండా మూత బిగించినా అదే ముప్పు. రెండు మూడు రోజులు వరుసగా హైడ్రోమీటర్ రీడింగ్ మారకపోతేనే బాటిల్లో పోయాలి.

బ్రిటన్ రెసిపీ చూసి చేస్తుంటే ఇంకో చిక్కు. అమెరికా గ్యాలన్ 3.79 లీటర్లు, బ్రిటన్ గ్యాలన్ 4.55 లీటర్లు. అక్కడి 5 గ్యాలన్లంటే దాదాపు 23 లీటర్లు.

రెట్టింపు చేసేవాళ్లకు ఈస్ట్ రెండు ప్యాకెట్లు కావాలి. 38 లీటర్లు మరగాలంటే మామూలు స్టవ్ చాలదు. గిన్నె 40 కిలోలు దాటుతుంది కాబట్టి వేడిగా ఉన్నప్పుడు ఎత్తకుండా, కింద కుళాయి ఉన్న గిన్నె వాడండి.