వికీల్లో కొత్త వాడుకరులు: చరిత్ర

వికీ అంటే చదివేవాళ్ళే అక్కడికక్కడ మార్చగల వెబ్‌సైటు. దీని చరిత్రను మామూలుగా సాఫ్ట్‌వేర్ల వరసగానో, వికీపీడియా వ్యాసాల లెక్కగానో చెబుతుంటారు. ఏ వికీ నిలబడింది, ఏది ఎండిపోయింది అని చూస్తే మాత్రం ఆ రెండింటికన్నా పెద్ద కారణం ఒకటి కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి తప్పు చేసినప్పుడు ఆ వికీ ఏం చేసిందన్నదే ఆ కారణం. కొత్త వాడుకరి తప్పు చేయక మానడు. చేసిన తప్పును ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పే సదుపాయం సాఫ్ట్‌వేరులోనే ఉంది. ఎందుకు తిప్పారో ఆ మనిషికి చెప్పే పని మాత్రం తోటి వాడుకరులదే. మొదటిది ఏటేటా చౌకైపోయింది, రెండోదానికి ఇప్పటికీ ఒక మనిషి సమయం కావాలి. వికీల ముప్ఫై ఏళ్ళ కష్టాల్లో చాలావరకు ఈ తేడా దగ్గరే మొదలయ్యాయి.

కలిసి రాయడమన్న ఊహ వికీ కన్నా పాతది. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఇచ్చిన ప్రదర్శనలో, దూరంగా ఉన్న ఇద్దరు ఒకే పత్రం మీద పనిచేయడం ప్రేక్షకులు చూశారు. టిమ్ బెర్నర్స్-లీ 1990లో రాసిన తొలి బ్రౌజరుతో పేజీలను చూడడమే కాదు, మార్చడమూ వీలయ్యేది. తర్వాత జనంలోకి వెళ్ళిన బ్రౌజర్లు చూడడాన్ని ఉంచుకుని మార్చడాన్ని వదిలేశాయి. దాన్ని మళ్ళీ తెచ్చినవాడు వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు. ఆయన 1995 మార్చి 25న వికీవికీవెబ్‌ను మొదలుపెట్టాడు. సాఫ్ట్‌వేరు రూపకల్పనలో పదేపదే ఎదురయ్యే చిక్కులను, వాటి పరిష్కారాలను తోటి ప్రోగ్రామర్లు ఒకచోట రాసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. అందులో ఇంకా ఎవరూ రాయని పేజీ పేరు పక్కన ప్రశ్నార్థకం కనబడేది. దాన్ని నొక్కితే ఆ పేజీ మీరే రాయవచ్చు. ఇంకా లేని పేజీకి వికీపీడియాలో కనబడే ఎర్ర లింకు దీని వారసత్వమే. రాయాల్సి ఉన్నదాన్ని దాచకుండా చూపడం కన్నా మంచి పిలుపు కొత్తవాళ్ళకు మరొకటి లేదు. అయితే వికీవికీవెబ్‌కు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒకే వృత్తివాళ్ళు, ఒకే పరిభాష తెలిసినవాళ్ళు. పూర్తిగా అపరిచితుడు వస్తే ఏమవుతుందన్నది అక్కడ తేలలేదు.

అది తేలింది విజ్ఞాన సర్వస్వంలో. 2000 మార్చిలో జిమ్మీ వేల్స్ యజమానిగా, లారీ శాంగర్ సంపాదకుడిగా నుపీడియా అనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం మొదలైంది. నిపుణులు రాయాలి, వ్యాసం ఏడు అంచెల పరిశీలన దాటాలి, ఆ తర్వాతే ప్రచురణ. 2003లో మూతపడేనాటికి అక్కడ పూర్తయిన వ్యాసాలు పాతికకు అటూ ఇటూ. దానికి ముడిసరుకు సమకూర్చడానికి 2001 జనవరి 15న పెట్టిన వికీపీడియాలో ఆ ఏడాది చివరికే దాదాపు 20,000 వ్యాసాలు చేరాయి. ఆ వ్యాసాలన్నీ గొప్పవేమీ కావు, కొన్ని రెండు మూడు వాక్యాలే. రెండు ప్రాజెక్టుల నడుమ అసలు తేడా పరీక్ష ఎప్పుడు పెడతారన్న దగ్గర ఉంది. నుపీడియా రచయితను ముందే పరీక్షించింది, వికీపీడియా రాసినదాన్ని తర్వాత పరీక్షించింది. ప్రతి మార్పూ చరిత్ర పేజీలో నిలిచి ఉంటుంది కనుక అది సాధ్యమైంది. ఆఫీసుల్లో వాడే గూగుల్ డాక్స్ వంటి ఉమ్మడి పత్రాలకూ వికీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. గూగుల్ 2006లో కొన్న రైట్లీ నుంచి పెరిగిన ఆ సాధనంలో పత్రం యజమాని పిలిచినవాళ్ళే సాధారణంగా రాస్తారు. వాళ్ళు యజమానికి తెలిసినవాళ్ళే కనుక, అపరిచితుణ్ణి ఎలా ఆదరించాలన్న ప్రశ్న అక్కడ పెద్దగా తలెత్తదు.

వికీపీడియా తొలి ఏళ్ళ మర్యాదలు, ముందు రాయనిచ్చి తర్వాత పరీక్షించవచ్చన్న నమ్మకంలోంచే వచ్చాయి. చొరవ తీసుకుని మార్చండి, ఎదుటివాళ్ళది సదుద్దేశమే అనుకోండి, కొత్తవాళ్ళ మీద విరుచుకుపడకండి అన్న మాటలు మార్గదర్శకాలయ్యాయి. అభ్యాసానికి ప్రయోగశాల, వాదించుకోవడానికి చర్చాపేజీ ఏర్పడ్డాయి. ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ 2005లో తగిలింది. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్‌కు కెన్నెడీల హత్యలతో సంబంధం ఉందనిపించేలా ఎవరో పెట్టిన అబద్ధం దాదాపు నాలుగు నెలలు ఎవరి కంటా పడలేదు. ఆ డిసెంబరులో ఇంగ్లీషు వికీపీడియా, ఖాతా లేనివాళ్ళు కొత్త వ్యాసాలు మొదలుపెట్టడాన్ని ఆపేసింది. అదే నెలలో నేచర్ పత్రిక 42 విజ్ఞానశాస్త్ర అంశాలపై వికీపీడియా, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వాల వ్యాసాలను నిపుణుల చేత పోల్పించింది. వికీపీడియా వ్యాసానికి సగటున నాలుగు లోపాలు, బ్రిటానికా వ్యాసానికి మూడు తేలాయి. తెరిచి ఉంచడం వల్ల పని పాడవలేదని నేచర్ పోలిక చెబుతోంది, బతికున్న మనిషి పరువు విషయంలో తర్వాత దిద్దుకుందామంటే కుదరదని సీగెంథాలర్ ఉదంతం చెబుతోంది. కాపలా పెరగడానికి న్యాయమైన కారణమే ఉంది. ఆ కాపలా ఎలా పెరిగిందన్నదే ప్రశ్న. దుశ్చర్యలను యంత్రమే పసిగట్టి తుడిచేసే క్లూబాట్ 2007లో వచ్చింది, మార్పుల్ని వరసగా చూపుతూ ఒక్క మీటతో తిప్పికొట్టనిచ్చే హగుల్ ఆ మరుసటేడు వచ్చింది. చెత్త క్షణాల్లో పోవడం మొదలైంది. తెలియక మూలం ఇవ్వని కొత్తవాడి వాక్యమూ అదే వేగంతో పోయింది. అతని చర్చాపేజీలో మిగిలింది ముందే రాసిపెట్టిన హెచ్చరిక మూస.

ఇంగ్లీషు వికీపీడియాలో చురుకైన వాడుకరుల సంఖ్య 2007లో 50,000 దాటి, 2013 నాటికి 31,000కు పడిపోయింది. దీనికి చాలామంది చెప్పిన కారణం తేలికైనది: ముఖ్యమైన విషయాలన్నీ రాసేశారు, ఇక రాయడానికేముంది? ఆరన్ హాఫేకర్, మరో ముగ్గురు పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ జవాబును కుదురుగా ఉండనివ్వదు. కొత్తగా వచ్చేవాళ్ళలో సదుద్దేశంతో వచ్చేవాళ్ళ పాలు 2006 నుంచి పెద్దగా తగ్గలేదని వాళ్ళు చూపారు. వాళ్ళ తొలి మార్పుల్ని తిరస్కరించడం పెరిగింది, అలా తిరస్కరణకు గురైనవాళ్ళు నిలవడం తగ్గింది. పాతవాళ్ళు రాసిపెట్టిన నియమాల్లో కొత్తతరం చేసే సవరణలకు చోటు తగ్గిపోయిందని కూడా గమనించారు. విషయాలు అయిపోవడం వల్ల కొంత తగ్గుదల ఉండే ఉంటుంది. కానీ వచ్చినవాడు ఎందుకు వెళ్ళిపోయాడన్నదానికి అది జవాబు కాదు.

మరో ఆక్షేపణ ఉంది. ముందే అర్హత చూసి రానిస్తే ఈ గొడవలే ఉండవు కదా? ఈ ప్రయోగం కూడా జరిగింది. వికీపీడియాను వదిలిన శాంగర్ 2006లో సిటిజెండియంను ప్రకటించాడు. అసలు పేర్లతోనే రాయాలి, నిపుణులకు ఆమోదించే అధికారం ఉంటుంది. మర్యాదగా, నిశ్శబ్దంగా నడిచిన ఆ వికీ కొన్నేళ్ళకే మనుషులు లేక చిక్కిపోయింది. అయితే మధ్యేమార్గాలు లేకపోలేదు. ఖాతా తెరిచి నాలుగు రోజులు గడిచి, పది మార్పులు చేశాకే నేరుగా కొత్త వ్యాసం పెట్టాలన్న షరతును ఇంగ్లీషు వికీపీడియా 2018లో స్థిరపరిచింది. పోర్చుగీసు వికీపీడియా 2020లో ఖాతా లేకుండా దిద్దడాన్నే ఆపేసింది. ఈ రెండూ సిటిజెండియంలా కూలిపోలేదు. కారణం స్పష్టమే. ఇవి నీ అర్హత ఏమిటని అడగలేదు, కొద్దిగా ఓపిక పట్టమన్నాయి.

విషయాలు అయిపోయాయన్న వాదనను పరీక్షించడానికి తెలుగు వికీపీడియా మంచి చోటు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలై, 2005లో ఊపందుకుంది. భారతదేశంలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2011 జనగణన ప్రకారం ఎనిమిది కోట్లకు పైగా ఉన్నారు, రాయని విషయాలు కొల్లలు. అయినా నెలకు ఐదు మార్పులైనా చేసే వాడుకరులు పదుల్లోనే ఉంటున్నారు. ఇక్కడి అడ్డంకులు మరోరకం. తెలుగు టైపు చేయడం రాకపోవడం చాలాకాలం మొదటి అడ్డంకి. లేఖిని వంటి సాధనాలు, తర్వాత వికీలోనే అమరిన కీబోర్డులు దాన్ని చాలావరకు తీర్చాయి. తెలుగు వికీకి దక్కిన గొప్ప ఆకర్షణ గ్రామ వ్యాసాలు. ఊరికొక పేజీ చొప్పున బాట్లతో (తమంతట తామే మార్పులు చేసే ప్రోగ్రాములతో) మొలకలను, అంటే చిన్న వ్యాసాలను, సృష్టించినప్పుడు, ఇదంతా లెక్క పెంచుకోవడానికేనని విమర్శ వచ్చింది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ సొంత ఊరి పేరు వెతికినవాడికి రెండు వాక్యాల పేజీ, పైన 'సవరించు' అన్న మాట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అలా వచ్చినవాడు మొదట రాసేది సర్పంచి పేరు, గుడి మహిమ, ఊరి గొప్పతనం. మూలం ఏదని అడగగానే చిక్కు మొదలవుతుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతికి పుస్తకం పేజీ నంబరు అడగడం అతనికి అవమానంగా తోస్తుంది. నియమం సరైనదే, దాన్ని చెప్పే తీరులోనే అతను ఉంటాడా పోతాడా అన్నది తేలుతుంది. వాడుకరులు మాట్లాడుకునే రచ్చబండ పేజీలో పేరుపేరునా తెలిసిన కొద్దిమందే ఉండడం ఇక్కడ కలిసొచ్చింది, మూసకు బదులు మనిషి రాసిన జవాబు దొరికే అవకాశం పెద్ద వికీల కన్నా ఎక్కువ.

రాత ఉండి సముదాయం లేకపోతే ఏమవుతుందో కూడా తెలుగులోనే తెలిసింది. 2009 తర్వాత గూగుల్ అనువాద సాధనంతో, పారితోషికం తీసుకున్న అనువాదకులు ఇంగ్లీషు నుంచి పెద్ద పెద్ద వ్యాసాలను తెలుగు, తమిళం మొదలైన వికీల్లోకి తెచ్చారు. వాక్యం తెలుగు అక్షరాల్లో ఉంది, నడక తెలుగుది కాదు. చర్చాపేజీలో అడిగిన ప్రశ్నల్లో చాలావాటికి బదులు రాలేదు. రాసినవాళ్ళు వాడుకరులుగా మిగలలేదు, దిద్దే భారం మాత్రం ఉన్న కొద్దిమంది మీద పడింది.

కొత్తవాళ్ళు వెళ్ళిపోవడాన్ని ఆపే చెప్పుకోదగ్గ ప్రయత్నాలు 2012 నుంచి కనిపిస్తాయి. ఇంగ్లీషు వికీలో ఆ ఏడు తెరిచిన టీహౌస్‌లో కొత్తవాళ్ళ ప్రశ్నలకు అనుభవజ్ఞులు ఓపిగ్గా జవాబిస్తారు. అక్కడికి ఆహ్వానం అందినవాళ్ళు మిగతావాళ్ళ కన్నా కొద్దిగా ఎక్కువ కాలం నిలిచారని తర్వాతి పరిశీలనలో తేలింది. గుర్తుల భాష నేర్చుకోకుండా రాయనిచ్చే విజువల్ ఎడిటర్‌ను 2013 జులైలో తొందరపడి అందరికీ పెట్టారు. లోపాల మీద పాతవాళ్ళు తిరగబడితే సెప్టెంబరుకల్లా వెనక్కి తగ్గారు. కొత్తవాళ్ళ కోసం చేసినదాన్ని పాతవాళ్ళను కాదని చేస్తే సాగదని అప్పుడు తెలిసొచ్చింది. ఆ తర్వాత చెక్, కొరియన్ వికీల్లో మొదలుపెట్టి మిగతావాటికి విస్తరించిన సదుపాయాల్లో కొత్తవాడికి ఒక ముంగిలి పేజీ, చేయదగ్గ చిన్న పనులు, ప్రశ్న అడగడానికి ఒక అనుభవజ్ఞుడు ఉంటారు. 2024 చివరి నుంచి మరో మార్పు అమల్లోకి వచ్చింది. ఖాతా తెరవకుండా దిద్దినవాళ్ళను ఐపీ చిరునామాతో, అంటే వాళ్ళ ఇంటర్నెట్ కనెక్షను సంఖ్యతో, చూపే బదులు 90 రోజుల తాత్కాలిక ఖాతా ఇస్తున్నారు. గోప్యత కోసం చేసిన ఈ ఏర్పాటుకు మరో ఫలితం ఉంది. ఐపీ చిరునామా ఇవాళ ఒకరిది, రేపు ఇంకొకరిది కావచ్చు కనుక, ఒకరికి రాసిన హెచ్చరిక సంబంధం లేని మరొకరికి కనిపించేది. ఇప్పుడు ఆ 90 రోజుల్లో అదే బ్రౌజరుతో తిరిగి వస్తే, పేరు చెప్పని కొత్తవాడికి కూడా తన మార్పును ఎందుకు తిప్పారో రాసిన సందేశం చేరుతుంది.