రెండు పక్షాలా వాదించాల్సిందే

అమెరికాలో శనివారం పొద్దున్నే సూటు వేసుకుని డిబేట్ టోర్నమెంటుకు బయల్దేరే తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఉదయం ఒక తీర్మానాన్ని సమర్థించిన అమ్మాయే మధ్యాహ్నం దాన్ని చీల్చి చెండాడుతుంది. చూసే తాతయ్యకు తల తిరుగుతుంది. ఇంతకీ నీ మాట ఏదమ్మా అంటాడు.

మొదట్లో అక్కడా ఎవరి మాట వారిదే. 1858లో లింకన్, డగ్లస్ సెనేట్ సీటు కోసం ఇల్లినాయ్‌లోని ఏడు ఊళ్లలో తలపడ్డారు. మొదలుపెట్టినవారికి గంట, ఎదుటివారికి గంటన్నర, జవాబుకు అరగంట. మూడు గంటలూ జనం కదిలేవారు కాదు. 1892లో హార్వర్డ్, యేల్ పోటీపడ్డాక కాలేజీలకు ఈ సరదా అంటుకుంది. అప్పుడూ ఒక సాయంత్రం, ఒక అంశం, ఒక పక్షం.

టోర్నమెంట్లు వచ్చాక కథ మారింది. ఒకే అంశంపై రౌండు తర్వాత రౌండు ఆడాలంటే పక్షాలు మార్చుకోక తప్పదు.

అయితే ఏ పక్షాన వాదించినా గెలుపు ఎప్పుడూ తయారీదే. టెక్సస్‌లో వైలీ అనే చిన్న నల్లజాతి కాలేజీ ఉంది. అక్కడి ఇంగ్లిషు మాస్టారు మెల్విన్ టోల్సన్ 1924లో జట్టు కట్టి, ప్రత్యర్థి ఏమంటాడో ముందే ఊహించి జవాబులు సిద్ధం చేయించేవాడు. 1935లో ఆ జట్టు జాతీయ ఛాంపియన్ సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాన్ని ఓడించింది. 2007 నాటి ‘ది గ్రేట్ డిబేటర్స్’ సినిమా ప్రత్యర్థిని హార్వర్డ్‌గా మార్చేసింది. అవసరం లేని మార్పు, అసలు కథే గొప్పది.

రెండు పక్షాల పద్ధతికి అసలు పరీక్ష 1954లో ఎదురైంది. కమ్యూనిస్టు చైనాను అమెరికా గుర్తించాలా అన్నది ఆ ఏడాది కాలేజీల అంశం. ఆ వాదనలోకి దిగవద్దని వెస్ట్ పాయింట్, అన్నపొలిస్ సైనిక అకాడమీలు తమ విద్యార్థులను కట్టడి చేశాయి. 1947 నుంచి అప్పటిదాకా జాతీయ టోర్నమెంటుకు ఆతిథ్యమిస్తూ వచ్చింది వెస్ట్ పాయింటే కావడం విడ్డూరం. నమ్మని మాట పలకడం నీతి కాదని రిచర్డ్ మర్ఫీ అనే ప్రొఫెసర్ 1957లో వ్యాసమే రాశాడు. నేను ఒప్పుకోను. ఎదుటివాడి వాదన వాడికంటే బాగా తెలియకుండా మన వాదన బలం మనకెలా తెలుస్తుంది?

ఈ పోటీల్లో రకాలున్నాయి. పాలసీ డిబేట్ అనే రకంలో ఏడాదంతా ఒకే అంశం. ఒకప్పుడు ఆధారాలను అట్టముక్కల మీద అంటించి డబ్బాల్లో మోసేవారు. ఇప్పుడవి ల్యాప్‌టాప్‌లో ఉన్నా ‘కార్డులే’. ఎనిమిది నిమిషాల ప్రసంగంలో వీలైనన్ని కార్డులు కుక్కే ఆ చదువుడు వేగానికి బయటివాడికి ముక్క అర్థం కాదు. దానికి విరుగుడుగా, మామూలు మనిషికి అర్థమయ్యేలా 2002లో పబ్లిక్ ఫోరం అనే మరో రకం పుట్టింది. పక్షం తేల్చేది బొమ్మా బొరుసే.

ఇందులో తీర్పరులుగా తరచూ కూర్చునేది తల్లిదండ్రులే. మిమ్మల్ని అడిగితే ఇంగ్లిషు యాసకో, అనుభవం లేకపోవడానికో జంకి తప్పుకోకండి. కాగితం, పెన్ను పట్టుకెళ్లి, మీ అభిప్రాయాన్ని ఇంట్లో వదిలి, విన్నదాన్ని బట్టే తీర్పు చెప్పండి.