క్రిస్ కత్తి వయస్సు

జావా ద్వీపమున 'క్రిస్' అను ఒక విధమైన కత్తి కలదు. దాని అలుగు కొన్నింటిలో తిన్నగను, కొన్నింటిలో పాము నడకవలె వంకరలుగను ఉండును. మ్యూజియములో పాత క్రిస్‌ను చూచునప్పుడు మొదట కంటబడునవి చెక్కడపు పిడి, బంగారు తొడుగు. వీనిని బట్టి కత్తి వయస్సు నిర్ణయింపవచ్చునా?

నిర్ణయింపరాదు. అలుగు, పిడి, ఒర, ఈ మూడును వేరుచేయదగినవి. అలుగు తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. పిడి విరిగినను, ఒర చివికినను క్రొత్తవి చేయింతురు. కనుక నగిషీ తన వయస్సునే చెప్పును గాని ఇనుము వయస్సును చెప్పజాలదు.

ఇక ఇనుము సంగతి. కమ్మరి మామూలు ఇనుమును, నికెల్ గల ఇనుమును పొరలుగా పేర్చి, కాచి సాగగొట్టును. దానికి నిమ్మరసముతో కలిపిన పాషాణమును, అనగా ఆర్సెనిక్‌ను, పట్టించినచో ఇనుము నల్లబడును; నికెల్ పొరలు వెండివలె మెరయును. ఈ చారలనే 'పామోర్' అందురు. నికెల్ కనబడగానే అది ఉల్కనుండి వచ్చినదనుట పొరపాటు. ప్రంబానన్ వద్ద దొరకిన ఉల్కా లోహమును 1797లో సురకార్త రాజభవనమునకు చేర్చినమాట నిజమే. కాని సులవేసి ద్వీపపు లువు ప్రాంతమున దొరకు ఇనుములోనే నికెల్ సహజముగా ఉండెడిది. తరువాతి కాలమున యూరపు నికెల్ కూడ వచ్చినది.

ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియములోని 'క్నౌడ్ క్రిస్' ఇందుకు చక్కని ఉదాహరణము. దాని అలుగును కొంతమేర కప్పిన పలుచని రాగిరేకుపై రామాయణ ఘట్టములున్నవి. కత్తిపై గల తేదీ శకవర్షము 1264. మన శాసనములలో కనబడు శకమే అది. 78 కలిపినచో క్రీ.శ. 1342 అగును. అయితే ఈ తేదీ నగిషీ చేసిన నాటిదనియు, అప్పటికే అరిగియున్న అలుగు అంతకంటె పాతదై ఉండుననియు పండితుల అభిప్రాయము. అనగా ఆ తేదీ అలుగు పుట్టిన దినము కాదు. ఇంతకంటె చిన్నది కాదని చెప్పు హద్దు మాత్రమే.

ఈ విచారణ కేవలము పండితుల వినోదము కాదు. 1830లో డచ్చివారు బంధించిన జావా రాకుమారుడు డిపొనెగొరో క్రిస్‌ను 2020 మార్చిలో నెదర్లాండ్స్ ఇండొనీషియాకు తిరిగి ఇచ్చినది. అది ఏదో గుర్తించుటకు అలుగుపైనున్న నాగరూపము ఒక్కటే చాలలేదు. 1830 నాటి జావా భాషా లేఖను, కత్తి చేతులు మారిన వరుసను కూడ శోధింపవలసి వచ్చినది. ఒక జాతి వీరుని ఆయుధము స్వదేశము చేరుట ఇట్టి పరీక్షపై ఆధారపడియుండెను.

కావున ఇనుము, నగిషీ, పత్రము, ఈ మూడింటి సాక్ష్యమును వేర్వేరుగా విన్న పిమ్మటనే తీర్పు చెప్పవలెను.