చీటీ లేనిదే చెయ్యి వేయొద్దన్న రోజులు

ఫిజియోథెరపీ పిల్లలకు వృత్తి నీతి పాఠం చెప్పాల్సి వస్తే నేను 1894 నాటి లండన్‌తో మొదలుపెడతాను. ఆ ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక గుట్టు బయటపెట్టింది. పేపర్లలో ప్రకటనలిచ్చి నడుస్తున్న మసాజ్ ఇళ్లలో చాలావాటి చాటున జరిగేది వ్యభిచారమని రాసింది. పని నేర్పుతామని ఆడపిల్లల దగ్గర ఫీజులు గుంజి, తీరా పని దొరక్క అప్పులపాలైనవాళ్లను ఆ ఇళ్లకే చేరుస్తున్నారని కూడా రాసింది.

అదే ఊళ్లో, రోగుల బిగుసుకుపోయిన కీళ్లనూ చచ్చుబడిన కండరాలనూ మర్దనతో దారికి తెస్తున్న నర్సులూ ఉన్నారు. ఈ రచ్చలో వాళ్ల పరువూ పోయేలా ఉంది. లూసీ రాబిన్సన్, రోసలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు పూనుకుని సొసైటీ ఆఫ్ ట్రెయిన్డ్ మసూజెస్ అనే సంఘం పెట్టారు. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలైంది. దాంతోపాటు నాలుగు కట్టుబాట్లు. డాక్టరు చెప్పనిదే ఎవరికీ మసాజ్ చేయకూడదు. మగవాళ్లకు ఒళ్లంతా మసాజ్ చేయకూడదు. తప్పనిసరైన కేసుల్లో చేయొచ్చు, అదీ డాక్టరు ప్రత్యేకంగా కోరితేనే. వైద్య పత్రికల్లో తప్ప ఎక్కడా ప్రకటనలివ్వకూడదు. రోగులకు మందులు అమ్మకూడదు.

రెండో కట్టుబాటు వినగానే మా పిల్లలు నవ్వుతారు. దాన్ని యుద్ధమే చెరిపేసింది. 1914లో ఆల్మరిక్ పేజెట్ దంపతులు 50 మంది మసాజ్ తెలిసిన ఆడవాళ్లతో ఒక దళం కట్టి, గాయపడిన సైనికుల వైద్యానికి పంపారు. కాళ్లూ చేతులూ విరిగి వచ్చిన కుర్రాళ్ల ముందు ఆడా మగా పట్టింపు ఎన్నాళ్లు నిలుస్తుంది? 1920లో రాజముద్ర పడిన చార్టర్ వచ్చేసరికి మగవాళ్లు సభ్యులుగా కూడా చేరారు. ఆ పట్టింపులో మంచి మాత్రం మాకు మిగిలింది. తెర వేయడం, చూడనక్కర్లేని ఒంటిని దుప్పటితో కప్పడం, ఎక్కడ చెయ్యి వేయబోతున్నామో ముందే చెప్పి ఒప్పుకున్నాకే వేయడం, ఆడ రోగి దగ్గర మరో ఆడమనిషిని ఉంచడం. వీటిలో ఏ ఒక్కటి మరిచినా మా పిల్లల్ని నేను ఊరుకోను.

మొదటి కట్టుబాటు అంత తేలిగ్గా పోలేదు. దాని మీదే నాకు ఎప్పుడూ మనసు రెండుగా ఉంటుంది. డాక్టరు చీటీయే ఆ ఆడవాళ్లకు రక్ష. అది లేకపోతే ఈ వృత్తి అప్పుడే పోయేది. కానీ దాన్ని చేతపట్టుకుని, రోగికి ఏం చేయాలో ఆలోచించే బాధ్యత డాక్టర్లకే వదిలేశారు. ఒకసారి వదిలింది మళ్లీ చేతికి రావడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. అమెరికాలో 1935లో మావాళ్ల సంఘం రాసుకున్న నీతి నియమావళిలోనూ జబ్బేమిటో, ఎప్పటికి తగ్గుతుందో చెప్పడం డాక్టరు పని అనే ఉంది. 1976లో ఆస్ట్రేలియా సంఘం ముందుగా, డాక్టరు పంపితేనే వైద్యం చేయాలన్న షరతును కొట్టేసింది. 1977లో బ్రిటన్ ప్రభుత్వం ఒక సర్క్యులర్‌తో, డాక్టరు పంపిన రోగికి ఏ చికిత్స ఎలా చేయాలో తేల్చుకునే అధికారం ఫిజియోథెరపిస్టులకు ఒప్పుకుంది.

ఆలోచించే హక్కు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి క్లాసులో ఒక కేసు ఇస్తాను. ఒక పెద్దావిడ చీటీతో వస్తుంది: నడుముకు ట్రాక్షన్, పది రోజులు. నడుమును సాగదీసే ఆ బల్ల మీద పడుకోబెట్టేముందు అడగాలి.

“ఒంటికి వెళ్లేటప్పుడు తెలుస్తోందామ్మా?”

“రెండ్రోజుల్నుంచి తెలీడం లేదు తల్లీ. బట్టల్లోనే అయిపోతోంది. డాక్టరుగారితో చెప్పుకోడానికి సిగ్గేసింది.”

“కూర్చునే చోట మొద్దుబారినట్టుందా?”

“అవును. రెండు కాళ్లూ కూడా.”

నడుము కింద నరాల గుత్తి నలిగిపోతున్న లక్షణాలివి. అదే రోజు స్కానింగ్ కావాలి, ఆపరేషన్ అవసరం కావచ్చు. ఆలస్యమైతే ఆమెకు మూత్రం మీద అదుపు మళ్లీ రాకపోవచ్చు. చీటీలో ఉన్నది చేయడమే ధర్మమనుకున్నవాళ్లు ట్రాక్షన్ బిగిస్తారు. ఇక్కడ ట్రాక్షన్ ఆపి, రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, దొరక్కపోతే ఎమర్జెన్సీకి మనమే పంపాలి. చీటీ రాసినాయన తప్పు చేశాడని కాదు. ఆయనతో చెప్పని మాట మనతో చెప్పింది.

మన దేశానికి ఈ చదువు పోలియోతో వచ్చింది. 1952లో బొంబాయిలో పోలియో చెలరేగాక, మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో కేఈఎం ఆస్పత్రిలో మొదటి ఫిజియోథెరపీ స్కూలు పెట్టారు. 1955లో ఇక్కడి ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. చదువుతోపాటు చీటీ అలవాటూ పాతుకుంది. ఫిజియోథెరపిస్టు రోగిని పూర్తిగా పరీక్షించి, సొంతంగానైనా నలుగురితో కలిసైనా ప్రాక్టీసు చేయవచ్చని దేశమంతటికీ వర్తించే చట్టంలో రాసింది 2021లోనే.

చట్టం ఒప్పుకున్నా చీటీ పట్టు వదల్లేదు, కేసులు ఇంకా డాక్టర్ల చేతుల మీదుగానే వస్తాయి. అందుకే నాలుగో కట్టుబాటును పిల్లలతో మళ్లీ చదివిస్తాను. ఇప్పుడు మందుల బదులు నడుము బెల్టులు, మోకాలి క్యాపులు. వాటికంటే ముఖ్యం, కేసు పంపినందుకు డాక్టరుకు ఇచ్చే కమీషన్. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు: “మేడమ్, వాటా ఇవ్వకపోతే కేసులు రావు కదా, క్లినిక్ ఎలా నడపాలి?” కష్టమైన ప్రశ్నే. అద్దె కట్టాల్సింది వాళ్లు, నేను కాదు. అయినా నేను అడిగేది ఒక్కటే. ఆ పెద్దావిడను పంపిన డాక్టరుకు నెలనెలా డబ్బు పంపుతున్నావనుకో. ఆయన రాసిన ట్రాక్షన్ పెట్టనని ఆయనకే ఫోన్ చేసి చెప్పగలవా?