పట్టము చేతికి వచ్చిన పిదప

సాయంకాలము రాజుపాలెమున రచ్చబండ యొద్ద కూర్చున్న వారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు: "మీవాని చదువు ముగిసినది గదా, ఇక నేమి చేయునట?" తండ్రి బదులు తోచక కండువ సవరించుకొనును. కుమారుడు ఆ బండ కంటబడకుండ వేరు సందున ఇల్లు చేరును. ఇరువురి చిక్కునకును కొంత చరిత్ర కలదు.

1857లో మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడిన తొలినాళ్లలో పట్టభద్రునకు ఈ సందేహము తక్కువ. దొరతనమువారికి ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాలును, మునసబులును, ఉపాధ్యాయులును కావలసియుండిరి. పట్టమన్నను కొలువన్నను ఒక్కటే యను నమ్మకము మన యిండ్లలో నాడే నాటుకొనెను. తరువాత 1954లో తిరుపతికిని, 2006లో కడపకును విశ్వవిద్యాలయములు వచ్చినవి. చదువు మన గడపకు వచ్చినంత వేగముగా కొలువులు రాలేదు. పొలము కుదువబెట్టి చదివించిన తండ్రి కొలువు కోరుట తప్పని నేననను. కాని ఆ కోరిక నెరవేరనిచో బిడ్డ చెడిపోయెనని తలచువారికి ఒకని కథ చెప్పవలసియున్నది.

మన కుందేరు కర్నూలు సీమనుండియే పారివచ్చి పెన్నలో కలియును. ఆ కర్నూలున 1883లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు జన్మించెను. కలిమి లేని యింట పుట్టియు 1906లో ఎం. ఏ. పట్టము పొందెను. ఆ దినములలో ఎం. ఏ. యనగా ఊరికొకడైనను లేని కాలము! ఉపాధ్యాయవృత్తి నెంచుకొని శిక్షణకై రాజమహేంద్రవరము చేరెను. 1907లో బిపినచంద్రపాలు అచ్చట నుపన్యసించెను. విద్యార్థులు వందేమాతరపు బిళ్లలు ధరించిరి. వారికి ముందు నిలిచినందుకు హరిసర్వోత్తమరావును కళాశాలనుండి వెడలగొట్టిరి. ప్రభుత్వోద్యోగమున కనర్హుడనియు ఉత్తరువు చేసిరి. ఇరువదినాలుగేండ్లైనను నిండని వానికి, తెలిసిన తోవ యొక్కటే, అదియు మూతపడెను.

ఆ యేడే ఆతడు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము విజ్ఞానచంద్రికా మండలివారి తొలి గ్రంథముగా వెలువడెను. లింకను పడవ నడపెను, అంగడి పెట్టి నష్టపడెను, తపాలా పని చేసెను, భూములు కొలిచెను. తరువాతనే న్యాయవాది యయ్యెను. అట్టివాని జీవితమును అట్టి సమయమున వ్రాయుట కాకతాళీయమే కావచ్చును. నాకు మాత్రము అది తలచినప్పుడెల్ల ముచ్చట గలుగును.

1908లో బెజవాడనుండి 'స్వరాజ్య' యను పత్రిక నడపెను. తిరునల్వేలి కాల్పులను ఖండించిన వ్రాతకు మూడేండ్ల కఠినశిక్ష పడెను. చెరసాల వెడలిన ఎం. ఏ. కు పని యిచ్చువా రెవరు? మునగాల దివానుగానున్న కొమఱ్ఱాజు లక్ష్మణరావు పిలిచి, మదరాసునందలి మండలిలో గ్రంథముల పని నప్పగించెను. కొలువు వెదకికొనుమని బుద్ధి చెప్పక, ఆ యువకునకు చేతనైన పనినే చూపిన పెద్ద యాయన. అచ్చటినుండి హరిసర్వోత్తమరావు పత్రికలలో పనిచేసెను. గ్రంథాలయోద్యమమున ముందు నిలిచెను. చదువురాని పెద్దలకు అక్షరములు నేర్పు ఉద్యమమునకు పాటుపడెను. 1927లో, ఏ దొరతనము తనను ఉద్యోగమునకు తగడనెనో ఆ మదరాసు దొరతనపు శాసనసభలోనికే, నంద్యాలనుండి ప్రజల యెన్నికతో నడచిపోయెను.