బాస్ రీవ్స్ వంశవృక్షంలో యజమాని చోటు

బాస్ రీవ్స్ 1875లో, ఆర్కాన్సాలోని ఫోర్ట్ స్మిత్‌లో జడ్జి ఐజాక్ పార్కర్ కోర్టుకు డిప్యూటీ మార్షల్‌గా చేరాడు. నేటి ఓక్లహోమా అప్పుడు ఇండియన్ టెరిటరీ. అక్కడ ముప్ఫై ఏళ్లకు పైగా నేరస్థుల వెంటపడి 3,000 మందికి పైగా పట్టుకున్నాడని చెబుతారు. చదువు రాదు, వారంట్లు ఎవరిచేతనైనా చదివించుకుని మనసులో పెట్టుకునేవాడు. పుట్టింది బానిసగా. అంత పేరున్న మనిషికి వంశవృక్షం గీయబోతే, తల్లిదండ్రుల తరం దాటకముందే కాగితాలు ఆగిపోతాయి. దీన్ని సమాచారం దొరకకపోవడం అని సరిపెట్టుకుంటారు. ఆ ఖాళీని చట్టమే తయారుచేసిందని నేనంటాను. అందుకే దాన్ని ఊహలతో పూడ్చకుండా, దానికి కారకులైనవారి పేర్లతో సహా వృక్షంలో చూపించాలి.

1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే జాబితాలు రాశారు. యజమాని పేరు కింద ఒక్కొక్కరి వయసు, ఆడో మగో, ఒంటి రంగు. దాదాపు ఎక్కడా పేరు లేదు. బాస్ పుట్టింది 1838లో అని సాధారణంగా అంటారు. 1846లో యజమాని విలియం రీవ్స్ ఆర్కాన్సా వదిలి టెక్సాస్‌లోని గ్రేసన్ కౌంటీకి తరలినప్పుడు అతన్నీ తీసుకెళ్లాడు. అలాంటి పిల్లవాణ్ణి ఆ జాబితాల్లో వెతికితే దొరికేది ఒక అంకె మాత్రమే. బానిసల పెళ్లిళ్లకు చట్టంలో గుర్తింపు లేదు. బిడ్డ తల్లి స్థితినిబట్టి బానిస అవుతాడు కాబట్టి తండ్రెవరో రాయాల్సిన అవసరం చట్టానికి కలగలేదు. ఆ జనమందరినీ పేరుపేరునా రాసిన తొలి లెక్క 1870 నాటిది.

కాగితం లేనిచోట కుటుంబం చెప్పుకున్న మాట ఉంది. బాస్ అన్నది తాత బాస్ వాషింగ్టన్ పేరట. విన్నమాట సాక్ష్యమెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు, అడగాల్సిందే కూడా. అంతర్యుద్ధ కాలంలో బాస్ ఇండియన్ టెరిటరీకి ఎందుకు పారిపోయాడన్నదానికి, పేకాటలో యజమాని కొడుకుతో తగవు అనేదొక్కటే కాక, వేరే కథలూ ఉన్నాయి. జీవితచరిత్ర రాసిన ఆర్ట్ బర్టన్ ఇలాంటి మాటలను కోర్టు కాగితాల పక్కన పెట్టి చూశాడు. అది సరైన పద్ధతి. విన్నమాటను విన్నమాటగానే గుర్తుపెట్టి ఉంచాలి. ఒక జాతి కాగితం మీదికి ఎక్కకుండా చేసిన దేశం, ఆ తర్వాత కాగితం చూపించమని పట్టుబట్టడం న్యాయం కాదు.

వృక్షంలో బాస్ నుంచి కిందికి దిగితే అంతా మారిపోతుంది. భార్య నెల్లీ జెన్నీ, పది మందికి పైగా పిల్లలు, ఆర్కాన్సాలో పొలం, తర్వాత ఇండియన్ టెరిటరీలోని మస్కోగీ. 1902లో కొడుకు బెన్నీ భార్యను చంపితే, ఆ వారంట్ తీసుకుని కొడుకును పట్టుకొచ్చింది బాసే. ఈ ఘట్టాన్ని కర్తవ్యనిష్ఠకు ఉదాహరణగా చెబుతారు, నిజమే. నాకు ఇందులో మరొకటి కూడా కనిపిస్తుంది: ఎవరి కొడుకో రాయనవసరం లేదని చట్టం వదిలేసిన మనిషి, ఆ చట్టం చేతిలోనే, అంత భయంకరమైన సందర్భంలో తండ్రిగా నిలబడ్డాడు.

ఇక గట్టి అభ్యంతరం: యజమానిని వృక్షంలోకి ఎక్కిస్తే అతనికి గౌరవం ఇచ్చినట్టు కాదా? విలియం కొడుకు జార్జ్ రీవ్స్‌కు గౌరవం ఎప్పుడో దక్కింది. అతను గ్రేసన్ కౌంటీ షెరీఫ్, టెక్సాస్ శాసనసభ స్పీకర్. 1882లో చనిపోతే మరుసటి ఏడే ఒక కౌంటీకి అతని పేరు పెట్టారు. మనిషిని సొంతం చేసుకున్నవాడూ చట్టాన్ని అమలుచేసే అధికారే అన్న సంగతి దాచిపెడితే లాభపడేది ఆ ఇంటివారే. పైగా బాస్ పూర్వీకుల జాడ ఎక్కడైనా మిగిలి ఉంటే యజమానుల వీలునామాల్లో, ఆస్తి పంపకాల్లో, పన్ను లెక్కల్లోనే ఉంటుంది. వాటిని తెరవకుండా ఈ వృక్షం ఒక్క కొమ్మ కూడా పైకి సాగదు. కాబట్టి విలియం, జార్జ్ పేర్లు రాయాలి, రక్తసంబంధపు గీతతో కలపకుండా. వేరే గీత గీసి, దాని మీద యాజమాన్యం అని, అది మొదలైన ఏడు, బాస్ దాన్ని తెంచుకుని పారిపోయిన కాలం రాయాలి.